లెక్క తేలుద్దాం: రెండు గీతలు పడిన రోజు

20కి 25 కలిపితే 45. కూడికలో తప్పు లేదు. కానీ ఈ 45 వల్లనే పోయిన వానాకాలం చివర మన క్యాంపు మనుషులు కొందరు ఒక మిల్లు ఆఫీసు నుంచి ఒట్టి చేతులతో వెనక్కి వచ్చారు. మిల్లు పేరు వద్దు, మనుషుల పేర్లూ వద్దు. లెక్క మాత్రం రేపు ఎవరికైనా పనికొచ్చేదే. అందుకని ఈ నెల దాన్నే పట్టుకున్నాను.

సంగతి ఏంటంటే, వాళ్ళు రోజుకూలి మీద పనిచేసేవాళ్ళు. మర తిరిగితేనే కూలి. తిరగని రోజు పొద్దున్నే గేటు దగ్గరికి పోయి, గంటో రెండు గంటలో కూర్చుని, ముకద్దం వచ్చి "ఈ పొద్దు లేదు, పోండి" అంటే సద్దిగిన్నె మూత తీయకుండానే ఇంటికి తెచ్చుకోవాలి. అట్లా వచ్చి వెనక్కి పోయిన రోజులకు సగం కూలైనా ఇప్పించండని అడుగుదామనుకున్నారు. న్యాయమైన మాటే. 100 పనిరోజుల్లో కరెంటు లేని రోజులు 20, వడ్ల లోడు రాని రోజులు 25 అని తేల్చుకున్నారు. (లెక్క సులువుగా ఉండాలని నేను అంకెలు గుండ్రం చేశాను.) రెండూ కలిపి 45 రోజులకు సగం కూలి అని కాగితం రాసి ఇచ్చారు. గుమాస్తా గేటు రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూపించాడు. మర ఆగిన రోజులు 30. "పదిహేను రోజులు ఎక్కువ రాసుకొచ్చారు, ఇంక మిగతా మాట ఎట్లా నమ్మేది?" అన్నాడు. ఆ దెబ్బతో నిజంగా రావలసిన 30 రోజుల మాట కూడా గాల్లో కలిసిపోయింది.

ఇక్కడ ఎవరూ అబద్ధం ఆడలేదు. కరెంటు లేనివి 20 అన్నదీ నిజమే, లోడు రానివి 25 అన్నదీ నిజమే, మర ఆగింది 30 అన్నదీ నిజమే. మూడూ ఒకేసారి ఎట్లా నిజమవుతాయంటే, 15 రోజులు కరెంటూ లేదు, లోడూ లేదు. ఆ 15 రోజులూ కరెంటు లెక్కలో ఒకసారి, లోడు లెక్కలో ఇంకోసారి పడ్డాయి. మర మాత్రం ఆ రోజు రెండుసార్లు ఆగదు కదా. ఒక రోజు ఒకసారే ఆగుతుంది. కాబట్టి రెండుసార్లు లెక్కకు వచ్చిన 15ని ఒకసారి తీసేయాలి. 20 + 25 − 15 = 30. గుమాస్తా రిజిస్టరు చెప్పింది ఇదే.

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పాలు పోయించుకోని రోజు గోడ క్యాలెండరు మీద సున్నా చుడతారు. అదే క్యాలెండరు చాలు. కరెంటు లేక పని పోయిన రోజు తేదీ మీద ఎర్ర గీత పెట్టండి. లోడు రాక పోయిన రోజు నీలం గీత. రెండూ అయితే రెండు గీతలు. నెలాఖరున గీతలు లెక్కపెడితే ఎక్కువ వస్తాయి, గీత పడిన గడులు లెక్కపెడితే అసలు సంగతి వస్తుంది. ఆఫీసుకు పోయేటప్పుడు గడుల లెక్క తీసుకుపోవాలి. గీతల లెక్క మనకు వేరే పనికి వస్తుంది, అది తర్వాత చెప్తాను.

ఇది అయిపోయిన రోజుల లెక్క. రాబోయే రోజుల సంగతి కూడా ఇదే దారిలో పోతుంది. "వచ్చే నెల ఏదో ఒక రోజు తీసుకుంటే, ఆ రోజు పని దొరక్కపోయే అవకాశం ఎంత?" అని అడిగితే దాన్ని బళ్ళో సంభావ్యత అంటారు. మన పిల్లలు కన్నడ మీడియంలో చదువుతారు కాబట్టి "సంభవనీయతె" అని వినే ఉంటారు. పేరు పెద్దది కానీ, నూటికి ఎన్నిసార్లు అన్నదే దాని అర్థం. ఈ లెక్కల్లో ప్రపంచంలోనే పెద్దపేరున్న మనిషి మన తుంగభద్ర వైపు వాడే. 1920లో హడగలిలో ఒక తెలుగింట పుట్టిన సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు, కలకత్తాలో స్టాటిస్టిక్స్ చదివారు. 2023లో 102 ఏళ్ళ వయసులో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో పోయారు. హడగలి ఎక్కడుందో మన పిల్లలకు మ్యాపులో చూపించండి. మన నది పక్కనే.

ఎప్పుడు ఊరికే కూడొచ్చు, ఎప్పుడు తీసేయాలి అన్నది అష్టాచెమ్మా ఆడేవాళ్ళకు తొందరగా అర్థమవుతుంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వ వెల్లకిలా, బోర్లా పడే అవకాశం సరిసమానం అనుకుందాం. (నిజం గవ్వకు సమానం కాదు. అరగదీసిన చింతగింజలకూ కాదు. ఆటలో ఆరితేరిన అవ్వలను అడగండి, ఏ గవ్వ ఎటు పడుతుందో చెప్తారు.) నాలుగు గవ్వలు 16 రకాలుగా పడొచ్చు. అందులో చెమ్మా ఒకటి, అష్టా ఒకటి. చెమ్మా గానీ అష్టా గానీ పడే అవకాశం 16లో 2. ఇక్కడ ఊరికే కూడేశాం, ఏమీ తీసేయలేదు. ఎందుకంటే ఒక్క వేటులో చెమ్మా, అష్టా రెండూ పడవు. వాటికి ఉమ్మడి లేదు.

ఇప్పుడు రెండే గవ్వలు తీసుకోండి. మొదటిది వెల్లకిలా పడే అవకాశం సగం. రెండోది వెల్లకిలా పడే అవకాశం సగం. "రెంటిలో ఒకటైనా వెల్లకిలా పడాలి" అంటే సగానికి సగం కలిపి ఒకటి, అంటే ఎప్పుడు వేసినా పడి తీరాలి. అట్లా పడుతుందా? వేసి చూడండి. రెండూ బోర్లా పడి మన మొహం చూస్తుంటాయి. నాలుగు వేట్లలో ఇంచుమించు ఒకసారి అట్లా జరుగుతుంది. రెండూ వెల్లకిలా పడే వేటును రెండుసార్లు లెక్కేసుకున్నాం, అదీ సంగతి. ఒకసారి తీసేస్తే నాలుగింట మూడు. అదే సరైన లెక్క.

పందేల దగ్గర మన మగపిల్లలను ముంచేదీ ఈ కూడికే. "ఆరింట ఒకటి వస్తుంది కదా, ఆరుసార్లు వేస్తే వచ్చి తీరాలి కదా అన్నా" అంటారు. పాచిక ఆరుసార్లు వేసినా ఆరు పడకపోయే అవకాశం నూటికి 33 దాకా ఉంది. దీని మీద ఇంకా రాయగలను గానీ, పందెం గురించి రాస్తే పందెం నేర్పినట్టు అవుతుందని మా ఇంట్లో అంటారు. వదిలేస్తున్నా.

మళ్ళీ మిల్లుకు వద్దాం. కరెంటు పోయే అవకాశం ఐదింట ఒకటి, లోడు రాని అవకాశం నాలుగింట ఒకటి. రెండూ ఒకేరోజు జరిగే అవకాశం ఎంత? పుస్తకంలో ఒక పద్ధతి ఉంది. రెంటినీ గుణించండి, ఇరవైలో ఒకటి వస్తుంది, అంటే 100 రోజుల్లో 5. అప్పుడు మర ఆగే రోజులు 20 + 25 − 5 = 40. ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. కరెంటు ఉన్న రోజులు 80. వాటిలో నాలుగింట మూడు రోజులు లోడు వస్తే 60 రోజులు పని. 100లోంచి 60 పోతే 40. రెండు దారులూ ఒక చోటికే చేరాయి.

కానీ రిజిస్టరు 40 అనలేదు, 30 అంది. ఉమ్మడి 5 కాదు, 15. పుస్తకం తప్పా అంటే కాదు. గుణించే ముందు పుస్తకం ఒక షరతు పెడుతుంది, మన పిల్లలు పరీక్ష తొందరలో దాన్ని దాటేస్తారు. ఒకదానికి ఇంకోదానితో సంబంధం ఉండకూడదు. గవ్వకూ గవ్వకూ సంబంధం లేదు. కరెంటుకూ లోడుకూ మాత్రం ఉంది, మధ్యలో వాన ఉంది. గాలివాన వస్తే తీగలు తెగుతాయి, ఫీడరు ట్రిప్పవుతుంది. అదే వానకు సింధనూరు, మాన్వి వైపు నల్లరేగడిలో లారీ కూరుకుపోతుంది, తడిసిన వడ్లు ఎవరూ ఎత్తరు, రాజేంద్ర గంజ్‌లో బస్తాల మీద పట్టాలు కప్పి కూర్చుంటారు. ఒకే వాన రెండు పనులు చేసింది. ఇట్లాంటి చోట గుణించి ఉమ్మడి కనుక్కోవడం కుదరదు. రోజుల్ని చూసి లెక్కపెట్టడం ఒక్కటే దారి. క్యాలెండరు మీద గీతలు పెట్టమన్నది అందుకే.

ఉమ్మడి పెరిగే కొద్దీ మర ఆగే రోజులు తగ్గాయి చూడండి. ఉమ్మడి లేకపోతే 45, ఉమ్మడి 5 అయితే 40, 15 అయితే 30. ఎట్లాగూ కరెంటు లేని రోజే లోడు కూడా రాకపోతే, ఆ లోడు రాకపోవడం వల్ల మనకు కొత్తగా పోయిందేమీ లేదు. రెండు కష్టాలు వేర్వేరు రోజుల్లో వస్తే రెండు కూలీలు పోయేవి. ఒకే మిల్లు, ఒకే కూలి అయినప్పుడు కష్టాలు కలిసి రావడమే మేలు.

ఇంటికి రెండు కూలీలు ఉన్నప్పుడు సంగతి తిరగబడుతుంది. నాకు అసలు రాయాలనిపించింది ఈ ముక్కే. ఇద్దరూ ఒకే మిల్లుకు పోవాలా, వేర్వేరు మిల్లులకు పోవాలా అని మన క్యాంపులో ఎన్ని ఇళ్ళల్లో మాట వస్తుందో నాకు తెలుసు.

భార్యాభర్తలు ఇద్దరికీ 100 రోజుల్లో 30 రోజులు పని ఉండదు అనుకుందాం. ఒకే మిల్లు అయితే ఇద్దరికీ అవే 30 రోజులు. ఆ 30 రోజులు ఇంటికి పైసా రాదు. మిగతా 70 రోజులు రెండు కూలీలు వస్తాయి. ఇప్పుడు ఆమె ఇంకో మిల్లుకు పోయిందనుకోండి. ఆ మిల్లు ఆగడానికీ ఈ మిల్లు ఆగడానికీ ఏ సంబంధమూ లేదనుకుందాం. అప్పుడు గుణించొచ్చు. ఇద్దరికీ పని లేని రోజులు 100కి 9. ఒక్కరైనా ఇంట్లో ఉండే రోజులు 30 + 30 − 9, అంటే 51. ఇద్దరూ పనికి పోయే రోజులు 49. మొత్తం కూలీలు కూడి చూసుకోండి, మొదటి లెక్కలో 70 రెట్లు రెండు 140, రెండో లెక్కలో 49 రెట్లు రెండు 98, దానికి ఒక్కరే సంపాదించే 42 కలిపితే 140. ఒక్క రూపాయి తేడా లేదు.

తేడా లేదు అని పుస్తకం మూసేయొద్దు. క్యాంపులో ఒక అక్క వేరే మిల్లుకు మారిన కొత్తలో నాతో అంది, "ఏమో అన్నా, ఇప్పుడు ఎప్పుడు చూసినా ఇంట్లో ఎవరో ఒకరు ఖాళీగా కూర్చున్నట్టే ఉంది. మారి చెడిపోయినామా?" ఆమె చూసింది నిజమే. ముందు ఇంట్లో ఎవరో ఒకరు ఖాళీగా ఉండే రోజులు 30, ఇప్పుడు 51. నేను అడిగాను, "అక్కా, అంగడికి ఉద్దెరకు పోయిన రోజులు ఎన్ని?" ఆమె కాసేపు ఆలోచించి, ముందుకంటే తక్కువేనంది. లెక్క కూడా అదే చెప్తుంది. ఇంటికి ఏమీ రాని రోజులు 30 నుంచి 9కి దిగాయి. మన ఇళ్ళల్లో అప్పు పుట్టేది ఆ రోజుల్లోనే కదా. ఒక్క కూలి వచ్చిన రోజు బియ్యం, నూనె, పాప ఆటో డబ్బులు ఎట్లాగో సరిపెడతాం. పైసా రాని రోజులు వరసగా నాలుగు వస్తే ఐదు రూపాయల వడ్డీ వాడి గడప తొక్కుతాం. ఏడాది చివర కూలీల మొత్తం ఒకటే అయినా, వడ్డీకి పోయేది ఒకటి కాదు.

అయితే వేరే మిల్లు అన్నంత మాత్రాన ఉమ్మడి పోదు. పక్కపక్కనే ఉన్న రెండు రైసు మిల్లులు, రెండూ ఒకే ఫీడరు మీద, రెంటికీ వడ్లు వచ్చేది ఒకే రోడ్డున. అప్పుడు ఉమ్మడి 9 కాదు, 20 కూడా కావచ్చు. ఒక్కరైనా ఇంట్లో ఉండేవి 40, ఇద్దరూ ఉండేవి 20. దీనికోసం ఆటో చార్జీలు పెట్టుకుని, పిల్లను ఎవరింట్లోనో వదిలి, రెండు గేట్లు, ఇద్దరు ముకద్దంల దగ్గర మాటలు పడటం ఎందుకు? నన్నడిగితే, మారితే పనిలోనే తేడా ఉండేట్టు మారాలి. ఒకరు రైసు మిల్లు, ఒకరు పత్తి జిన్నింగు అయితే కొంత నయం, పత్తికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఊపు, వడ్లకు వేరే నెలలు. కానీ జిన్నింగులో ఎండాకాలం నెలల తరబడి తాళమే. ఆ నెలలు విడిగా లెక్కేసుకోవాలి, 100 రోజుల సగటులో కలిపేస్తే మోసపోతాం. ఒకరు మిల్లు, ఒకరు కుట్టుమిషనో ఇడ్లీ బండో అయితే ఉమ్మడి ఇంకా తగ్గుతుంది. ఆడపిల్ల రాత్రి షిఫ్టులో ఒంటరిగా రావలసిన మిల్లు అయితే మాత్రం ఈ లెక్కంతా పక్కన పెట్టేయండి. దానికి నూటికి ఎంత అని నేను చెప్పను.

ఎంత జాగ్రత్తగా ఏర్పాటు చేసుకున్నా అన్నీ ఒకటైపోయే రోజు కూడా ఉంటుంది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. ఆ రోజు రైసు మిల్లు, జిన్నింగు, ఇడ్లీ బండి అన్న తేడా లేదు. అన్నింటి మీదా ఒకే తాళం. చీటీలో, పోస్టాఫీసులో ఎంతో కొంత ఉన్నవాళ్ళు నిలబడ్డారు. లేనివాళ్ళు సామాను నెత్తిన పెట్టుకుని ఊళ్ళకు నడిచారు.

సంబంధం లేదనుకున్నవి కలిసి రావడం మన జిల్లా వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, నడుమ మనం. రాయచూరు అంతర్వేది అంటారు. 1520లో కృష్ణదేవరాయలు యుద్ధం చేసి గెలుచుకున్నది ఈ నేలనే. రెండు నదులు రెండు దారుల్లో వస్తాయి, కాబట్టి రెంటికీ పెద్ద వరద ఒకేసారి రాదని పాతవాళ్ళలో కొందరికి ధీమా ఉండేది. ఆ ధీమాను అంకెల్లో పెడితే ఇట్లా ఉంటుంది. ఒక్కో నదికి మహా వరద 50 ఏళ్ళకోసారి అనుకుందాం. సంబంధం లేకపోతే రెంటికీ ఒకే ఏడు వచ్చేది 50ని 50తో గుణిస్తే 2,500 ఏళ్ళకోసారి. ఇంక భయమెందుకు?

2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో ఏమైందో చూసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఒకే వాన ఇటు మన జిల్లాలు, అటు కర్నూలు, మహబూబ్‌నగర్ అంతా కమ్ముకుని రోజుల తరబడి కురిసింది. కృష్ణ పొంగింది, తుంగభద్ర పొంగింది. అక్టోబరు 2న మంత్రాలయం మఠం నీళ్ళలో ఉంది. కర్నూల్లో తుంగభద్రకు తోడు హంద్రీ కూడా ఎదురొచ్చి ఊరు మునిగింది. రెండు నదులూ కలిసిన తర్వాత కింద శ్రీశైలం డ్యాముకు వచ్చిన నీళ్ళు 25 లక్షల క్యూసెక్కులు దాటాయి. డ్యాము కట్టినప్పుడు లెక్క వేసుకున్నది 19 లక్షల చిల్లరకే. మన జిల్లాలో మట్టిమిద్దెలు ఎన్ని కూలాయో ఆ ఊళ్ళ వాళ్ళను అడగండి. నదులు రెండు కావచ్చు, పైన మబ్బు ఒక్కటే.

కరెంటు సంగతిలో దీనికి అటుపక్క కూడా ఉంది, అదీ మన ఇంటి పక్కనే జరిగింది. యరమరస్ నుంచి చూస్తే పొగగొట్టాలు కనబడతాయి. మన దగ్గరి థర్మల్‌లో 800 మెగావాట్ల యూనిట్లు రెండు, శక్తినగర్‌లో చిన్నవీ పెద్దవీ ఎనిమిది కలిపి 1,720 మెగావాట్లు. ఇంత పెట్టుకుని మనకు కరెంటు పోవడమేంటి అని ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు అడుగుతారు. కొలిమి పక్కన ఇల్లున్నంత మాత్రాన మన పొయ్యి వెలగదు. ఇక్కడ పుట్టిన కరెంటు నేరుగా మన ఫీడరులోకి రాదు, పెద్ద తీగల్లో కలిసి ఊరూరా తిరిగి వస్తుంది. యూనిట్లు రెండున్నాయి, ఒకటి ఆగితే ఇంకోటి అనుకోవడానికీ వీల్లేదు. రెంటికీ బొగ్గు రైల్లోనే వస్తుంది. వ్యాగన్లు రాకపోతే రెంటికీ ఒకేసారి ఆకలి.

2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్డు కూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి. ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి ఒకటి తూలితే మిగతావీ తూలాయి. దేశంలో సగం జనం ఉండే రాష్ట్రాల్లో రైళ్ళు ఆగిపోయాయి. మన దక్షిణాది గ్రిడ్డు మాత్రం నిలబడింది. అప్పటికి మనది వాళ్ళతో అట్లా ముడిపడలేదు, మధ్యలో వేరే రకం లైన్ల ద్వారా కొంత కరెంటు ఇచ్చిపుచ్చుకోవడమే ఉండేది. వేరే మిల్లుకు పోయిన భార్య లాగా అన్నమాట. కానీ ఆ రోజుల్లో మనకు కొరత వస్తే ఉత్తరాన మిగులు ఉన్నా కావలసినంత తెచ్చుకోవడానికి దారి చాలేది కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు నుంచి సోలాపూరుకు 765 కేవీ లైను ఎక్కించి దక్షిణాదిని దేశంతో ముడివేశారు. ఆ ముడి పడింది మన రాయచూరులోనే, ఢిల్లీలోనో బెంగుళూరులోనో కాదు. మా పిల్లలకు ఇది చెప్తే నమ్మరు. ఆ ముడితో ఒకరి కొరతకు ఇంకొకరి మిగులు అందుతుంది. ఎప్పుడైనా పెద్ద దెబ్బ తగిలితే అందరికీ కలిసి తగిలే వీలూ వచ్చింది. నా మటుకు నాకు ముడివేయడమే మంచిదైందని అనిపిస్తుంది. కొరత రోజూ ఉండేది, గ్రిడ్డు కూలడం ఎప్పుడో ఒకసారి. వేరేవాళ్ళు వేరేగా అనొచ్చు.

గీతల లెక్క తర్వాత చెప్తానన్నాను. గడుల లెక్క అడగడానికైతే, గీతల లెక్క ఎవరిని అడగాలో చెప్తుంది. ఎర్ర గీతలు ఎక్కువుంటే జెనరేటరు మాట ఎత్తాలి. అప్పుడు కూడా ఎర్ర గీత ఒక్కటే ఉన్న గడులు చూడండి. మన ఉదాహరణలో కరెంటు లేనివి 20 అయినా, కరెంటు ఒక్కటే లేనివి 5. జెనరేటరు పెడితే మనకు దక్కేది ఆ 5 రోజులే, మిగతా 15 రోజులు కరెంటున్నా ఆడించడానికి వడ్లు లేవు. అదే లోడు ఒక్కటే రాని రోజులు 10. గోడౌనులో పది రోజుల వడ్లు నిలవ ఉంచుకునేట్టు చేయగలిగితే జెనరేటరుకంటే రెట్టింపు లాభం. రెండూ చేస్తే 30కి 30. ఈ మాట యజమానికి కూడా నచ్చుతుంది, ఆయన మర కూడా ఆగదు కదా. సగం కూలి అడిగేముందు ఈ కాగితం బల్ల మీద పెట్టి చూడమని ఆ మనుషులతో చెప్పాను. ఈసారి వానాకాలం గీతలు ముగ్గురి ఇళ్ళల్లో విడివిడిగా పెడుతున్నారు, ఒకరిది ఒకరు చూడకుండా. రిజిస్టరు పక్కన మూడు క్యాలెండర్లు పెడితే మాట వేరుగా ఉంటుంది.

మూడో కారణం కూడా ఉంటుంది, మోటారు కాలడం, బెల్టు తెగడం. దానికి నల్ల గీత పెట్టండి. అప్పుడు కూడి, తీసేయడంలో ఒక మెలిక వస్తుంది. కరెంటు 20, లోడు 25, మర రిపేరు 10. మొత్తం 55. జంటలు తీసేయాలి. కరెంటు-లోడు 15, కరెంటు-రిపేరు 4, లోడు-రిపేరు 5, మొత్తం 24. తీసేస్తే 31. మూడు గీతలూ పడిన రోజులు 3 ఉన్నాయనుకోండి. వాటిని మొదట మూడుసార్లు కూడాం, జంటల్లో మూడుసార్లు తీసేశాం, అంటే ఆ మూడు రోజులు లెక్కలోంచే మాయమయ్యాయి. వాటిని మళ్ళీ కలపాలి. 34. నోటితో చెప్తే తికమకగా ఉంటుంది. గడులు లెక్కపెట్టేవాళ్ళకు ఈ బాధ లేదు.

పిల్లలకు ఈ నెల లెక్క: 30 రోజుల నెలలో ప్రతి మూడో రోజు నాన్నకు నైట్ డ్యూటీ. ప్రతి ఐదో రోజు వీధి కుళాయికి నీళ్ళు. రెంటిలో ఒకటైనా ఉండే రోజులు ఎన్ని? పెద్ద తరగతుల వాళ్ళు ఇంకోటి కలుపుకోండి, ప్రతి రెండో రోజు అమ్మకు సెకండ్ షిఫ్టు. మూడింటిలో ఒకటైనా ఉండే రోజులు ఎన్ని, ఏదీ లేకుండా అందరూ సాయంత్రం ఇంట్లో కూర్చోగలిగే రోజులు ఎన్ని? మొదటి ప్రశ్నకు 16 వచ్చినవాళ్ళు 15, 30 తేదీల దగ్గర ఇంకోసారి చూసుకోండి. జవాబులు కార్డు ముక్క మీద రాసి, తరగతి కూడా వేసి, పత్రిక పంచేవాళ్ళ చేతికి ఇవ్వండి.